1982లోనే సాధ్యమయ్యే ఒక్క మార్పు: 48కే స్పెక్ట్రమ్‌లో మీరు ఏది కోరుకుంటారు?

ప్రశ్న: రబ్బరుమీట

సింక్లెయిర్ స్పెక్ట్రమ్ 48కే యంత్రానికి ప్రోగ్రాములు రాసినవారిని, దాన్ని ఇప్పటికీ బాగుచేసుకుంటూ వాడుతున్నవారిని ఒక ప్రశ్న అడగదలచాను. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన ఈ చిన్న యంత్రంలో 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసర్, 16 కిలోబైట్ల రోమ్, 48 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. తెర గీయడం, కీబోర్డు చదవడం, టేపు రికార్డరుతో వ్యవహరించడం, స్పీకరు మోగించడం, ప్రాసెసర్‌కు క్లాక్ అందించడం, ఇవన్నీ ఫెరాంటీ సంస్థ తయారుచేసిన యూఎల్‌ఏ అనే ఒకే చిప్ చూసుకుంటుంది. 48కే యంత్రాన్ని 175 పౌండ్లకు అమ్మగలిగారంటే అందులో ఎక్కువ పాలు ఆ చిప్‌లో అంత పని ఇమిడ్చినందువల్లనే.

ఈ యంత్రం హార్డ్‌వేర్‌లో ఏది మారితే బాగుండేదన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ మెమరీ కార్డుల వైపు, హెచ్‌డీఎంఐ వైపు, మెగాబైట్ల ర్యామ్ వైపు వెళ్లిపోతుంది. అవి ఉపయోగకరమైనవే, నేనూ కొన్ని వాడుతున్నాను. అయితే అవన్నీ తరవాతి కాలం తెచ్చి చేర్చినవి. యంత్రాన్ని రూపొందించినవారికి అప్పట్లో ఏయే దారులు తెరిచి ఉన్నాయో, వారు దేన్ని వదులుకుని దేన్ని తీసుకున్నారో వాటివల్ల మనకు తెలియదు. అందుకని కొన్ని హద్దులు పెట్టి అడుగుతున్నాను. మీరు కోరే మార్పు 1982లో దొరికే విడిభాగాలతో సాధ్యమయ్యేదై ఉండాలి. యంత్రం ధరను చెప్పుకోదగినంతగా పెంచకూడదు. ఇప్పుడున్న ప్రోగ్రాములు ఆ మార్పు తరువాత కూడా యథాతథంగా నడవాలి.

మొదట నా మనసు శబ్దం మీదికి పోయింది. ఇందులో శబ్దమంటే 254వ పోర్టులోని (పోర్టు అంటే ప్రాసెసర్ బయటి భాగాలతో మాట్లాడే, అంకెతో పిలిచే ద్వారం) ఒకే ఒక బిట్‌ను ప్రాసెసర్ తానే 1గా, 0గా మారుస్తూ ఉండడం. స్వరం ఎంతసేపు మోగాలో అంతసేపూ అది లెక్క పెడుతూ కూర్చోవాలి కనుక, సంగీతం వినిపిస్తుంటే బొమ్మ కదలడం కష్టమవుతుంది. 1985లో స్పెయిన్‌లో, 1986లో బ్రిటన్‌లో వచ్చిన 128కే నమూనాలో ఏవై-3-8912 అనే శబ్దపు చిప్ పెట్టాక ఈ ఇబ్బంది తీరింది. కాని 1982లో మరో చిప్ చేర్చడమంటే నేను పెట్టిన రెండో హద్దును నేనే దాటినట్టవుతుంది. మీరైతే ఏది ఎంచుకుంటారు? కారణాలతో సహా చెప్పగలరు.

సమాధానం: గడిగీత

మీ హద్దులు నాకు నచ్చాయి. వాటికి లోబడే నా కోరిక చెబుతాను: రంగుల గడి ఎత్తును ఎనిమిది గీతల నుంచి ఒక గీతకు తగ్గించే వెసులుబాటు.

తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. స్పెక్ట్రమ్ తెర 256 అడ్డం, 192 నిలువు పిక్సెళ్లు. పిక్సెల్ వెలిగిందా లేదా అన్న సమాచారానికి 6144 బైట్లు పడతాయి. రంగు మాత్రం పిక్సెల్‌కు విడిగా ఉండదు. ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గడికి ఒక బైటు చొప్పున మొత్తం 768 బైట్లు ఉంటాయి, ఒక గడిలో రెండే రంగులు పడతాయి. నీలం గోడ ముందు పసుపు రంగు మనిషి నడుస్తూ ఎర్రటి తలుపు దగ్గరికి వచ్చాడనుకోండి. అతని చెయ్యి తలుపు ఉన్న గడిలోకి అడుగుపెట్టగానే, ఆ చెయ్యి అయినా ఎర్రబడాలి, లేదా తలుపులో ఆ గడి మేరకు చతురస్రాకారపు ముక్క పసుపైనా కావాలి. మూడో దారి లేదు. ఈ కారణంగానే ఎన్నో ఆటల్లో బొమ్మలు, నేపథ్యం ఒకే రంగులో గీసి సరిపెట్టారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. యూఎల్‌ఏ ఈ రంగు బైటును గడికి ఒకసారి చదివి దాచుకోవడం లేదు. దాచుకునే చోటు దానిలో లేదు కనుక, ప్రతి గీత గీసేటప్పుడూ ఆ గీతకు చెందిన 32 పిక్సెల్ బైట్లతో పాటు 32 రంగు బైట్లను మళ్లీ మొదటినుంచి చదువుతుంది. అంటే ఒక్కో ఫ్రేములో, అనగా తెరను ఒకసారి పూర్తిగా గీసేలోపు, 192 గీతలకు 6144 సార్లు రంగు బైట్లను చదువుతోంది, కాని అందులో ప్రతి బైటునూ ఎనిమిదేసి సార్లు చదువుతోంది. గీతకొక రంగు బైటు ఇవ్వడానికి అదనంగా ఒక్కసారి కూడా మెమరీని ముట్టుకోనక్కర్లేదు. చదవడం ఎటూ జరుగుతోంది, చదివే చోటు మారితే చాలు.

మెమరీ చిప్‌లకు చిరునామా రెండు విడతలుగా అందుతుంది: మొదట వరుస, తరువాత నిలువు. పిక్సెల్ బైటు చిరునామాలోనూ, దానికి సంబంధించిన రంగు బైటు చిరునామాలోనూ కింది ఎనిమిది బిట్లు ఒకటే. కాబట్టి యూఎల్‌ఏ వరుసను ఒక్కసారి ఇచ్చి, నిలువును మాత్రం మార్చి, రెండు బైట్లనూ వెంటవెంటనే లాగేస్తుంది. ఇది లేకపోతే అప్పటి ర్యామ్ వేగంతో తెర గీయడానికి సమయమే సరిపోదు. నేను కోరే మార్పులో రంగు బైటు చిరునామా పిక్సెల్ బైటు చిరునామాకు సరిగ్గా 8192 ఎక్కువ ఉంటుంది. అంటే తేడా ఒకే ఒక పై బిట్‌లో ఉంటుంది, కింది బిట్లన్నీ అలాగే ఉంటాయి, యూఎల్‌ఏ వేగపు కిటుకు చెక్కుచెదరదు.

ఇది ఊహ కాదని చెప్పడానికి, స్పెక్ట్రమ్ ఆధారంగా టైమెక్స్ సంస్థ తెచ్చిన యంత్రాలే సాక్ష్యం. 1983లో అమెరికాలో వచ్చిన టైమెక్స్ సింక్లెయిర్ 2068లో ఈ పద్ధతి ఉంది. పిక్సెళ్లు 16384 నుంచి, గీతకొకటిగా రంగు బైట్లు 24576 నుంచి ఉంటాయి. ఏడాది ముందు ఈ ఆలోచన స్పెక్ట్రమ్‌లోకి వచ్చి ఉంటే ఆ యంత్రం ఆటల రూపురేఖలే వేరుగా ఉండేవని నా గట్టి నమ్మకం.

సమాధానం: ఎడ్జ్ కనెక్టర్

నా కోరిక చాలా చిన్నది: ఒక రీసెట్ మీట. మెషిన్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపే సూచనలు) రాసేవారికి యంత్రం బిగుసుకుపోవడం నిత్యకృత్యం. మొదటి స్పెక్ట్రమ్‌లో రీసెట్ మీట గాని, పవర్ స్విచ్ గాని లేవు కనుక ప్రతిసారీ కరెంటు ప్లగ్గును లాగి మళ్లీ పెట్టాలి. జెడ్80కు రీసెట్ కాలు ఉంది, ఆ తీగ వెనుకనున్న కనెక్టర్ వరకూ వచ్చి ఆగింది కూడా. దానికీ గ్రౌండుకీ మధ్య ఒక మీట పెడితే సరిపోయేది. 1984లో వచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్‌లో ఆ పనే చేశారు. ఖర్చు, కష్టం, పాత ప్రోగ్రాములతో పేచీ, ఈ మూడూ లేని మార్పు ఇంతకంటే మరొకటి నాకు కనబడలేదు.

సమాధానం: టంకం

ఎడ్జ్ కనెక్టర్ గారు ప్లగ్గు మాట ఎత్తారు కనుక, బాగుచేసేవాడిగా నా వంతు చెబుతాను. ఆటలు ఎంత అందంగా ఉన్నా యంత్రం బతికి ఉంటేనే కదా ఆడేది. నేను మార్చదలచుకున్నది లోపలి విద్యుత్ సరఫరాను.

స్పెక్ట్రమ్‌లో మొదటి 16 కిలోబైట్ల ర్యామ్‌కు 4116 అనే చిప్‌లు ఎనిమిది వాడారు. వాటికి ఒక వోల్టేజీ చాలదు. ఒకటో కాలుకు మైనస్ 5 వోల్టులు, ఎనిమిదో కాలుకు 12 వోల్టులు, తొమ్మిదో కాలుకు 5 వోల్టులు అందాలి. బయటి అడాప్టరు నుంచి వచ్చేది 9 వోల్టులు మాత్రమే. అందులోంచి 5 వోల్టులను 7805 రెగ్యులేటర్ తీస్తుంది, మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తుంది. 12 వోల్టులను, మైనస్ 5 వోల్టులను తయారు చేయడానికి బోర్డు మీద ఒక చిన్న కాయిల్, టీఆర్4 అని గుర్తుపెట్టిన ట్రాన్సిస్టర్, వాటి చుట్టూ కొన్ని డయోడ్లు, కెపాసిటర్లు ఉంటాయి. ఈ యంత్రానికి ఆయువుపట్టు అక్కడే ఉంది.

4116 చిప్‌కు మైనస్ 5 వోల్టులు అందకుండా 12 వోల్టులు మాత్రం అందుతూ ఉంటే అది పాడైపోతుంది. వెనుక కనెక్టర్ మీద ఈ వోల్టేజీలన్నీ బయటికి కనబడుతూ ఉంటాయి. యంత్రం నడుస్తుండగా అక్కడ తగిలించిన ఏదైనా ఇంటర్‌ఫేస్‌ను (అదనపు పరికరాన్ని) లాగినా, అది కొంచెం పక్కకు ఒరిగినా తీగలు ఒకదానికొకటి తగులుతాయి, టీఆర్4 పోతుంది, దానివెంట ర్యామ్ పోతుంది. తరువాత యంత్రం ఆన్ చేస్తే 1982 అన్న అంకెతో కనబడవలసిన సింక్లెయిర్ కాపీరైట్ వాక్యం కనబడదు, దానికి బదులు తెర నిండా నిలువు చారలు వస్తాయి. ఇలాంటి బోర్డు చేతికి వచ్చినప్పుడు నేను ర్యామ్ చిప్‌ను తీసే ముందు మీటరు ముల్లును దాని ఒకటో కాలి మీద పెట్టి చూస్తాను. అక్కడ మైనస్ 5 లేకపోతే, ముందు సరఫరాను బాగుచేయకుండా కొత్త చిప్‌లు పెట్టడమంటే వాటిని కూడా బలిచ్చినట్టే.

1982లో దీనికి మార్గం ఉండేదా? ఉండేది. 1981 డిసెంబరులో ఏకార్న్ సంస్థ తెచ్చిన బీబీసీ మైక్రోలో 5 వోల్టులతోనే నడిచే 16 కిలోబిట్ల చిప్‌లు వాడారు. కాకపోతే ఆ యంత్రం ధర స్పెక్ట్రమ్ ధరకు చాలా ఎగువన ఉండేది, ఆ చిప్‌ల ఖరీదూ అందులో ఒక భాగమే. స్పెక్ట్రమ్‌లోనే పైనున్న 32 కిలోబైట్లను చూడండి. అక్కడ 64 కిలోబిట్ల చిప్‌లలో సగభాగం పనిచేయనివాటిని చవకగా కొని, పనిచేసే సగాన్ని వాడుకున్నారు. ఏ సగం మంచిదో దాన్నిబట్టి బోర్డు మీద ఒక చిన్న తీగ ముక్కను ఇటో అటో వేసి టంకం పెట్టేవారు. ఆ చిప్‌లకు 5 వోల్టులు చాలు. అలా మిగుల్చుకున్న డబ్బులో కొంత కింది 16 కిలోబైట్లకు ఖర్చు చేసి ఉంటే కాయిల్, టీఆర్4, మైనస్ 5 ఏవీ ఉండేవి కావు. విడిభాగాల లెక్కలో కొంత తిరిగివచ్చేది కూడా. ధర ఏమాత్రం పెరగదని నేను అనను. కాని ఒక్క మార్పు చేసే అవకాశం నాకిస్తే ఇదే చేస్తాను. ఇప్పుడు బాగుచేసేటప్పుడు ఆ ఎనిమిది చిప్‌ల స్థానంలో 5 వోల్టుల ర్యామ్ మాడ్యూల్ పెట్టి 12, మైనస్ 5 వోల్టుల అవసరాన్నే తీసేసేవారు ఎంతోమంది ఉన్నారు.

సమాధానం: తెరచాటు

గడిగీత గారి వివరణ చాలా స్పష్టంగా ఉంది, అయినా వారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. రంగు బైటు చదవడానికి యూఎల్‌ఏకు అదనపు శ్రమ లేదన్నది నిజం. కాని ఆ బైట్లను రాసేది ప్రాసెసర్. పదహారుకు పదహారు పిక్సెళ్ల బొమ్మను గీయడానికి 32 బైట్లు రాయాలి. ఇప్పటి పద్ధతిలో దానికి రంగు వేయాలంటే, గడులతో సరిగ్గా కుదురుకున్నప్పుడు నాలుగు బైట్లు రాస్తే చాలు. గీతకొక రంగు బైటు వస్తే ఆ నాలుగు కాస్తా 32 అవుతాయి. అసలే చాలని సమయం సగానికి పడిపోతుంది. రంగుల సమాచారం 768 బైట్లలో ఇమిడిపోవడం ఈ యంత్రానికి లోపమని అందరూ అంటారు, నేను దాన్ని వరమంటాను. తెర మొత్తం రంగులను ఒక్క ఫ్రేములో మార్చగలగడం అందువల్లనే సాధ్యమైంది.

అసలు ఇబ్బంది సమయం. ఒక ఫ్రేముకు ప్రాసెసర్‌కు దొరికేవి 69888 క్లాక్ సైకిళ్లు. తెరలోని 6144 పిక్సెల్ బైట్లను, బైట్లను వరుసగా ఒక చోటి నుంచి మరో చోటికి నకలు చేసే ఎల్‌డీఐఆర్ సూచనతో జరపాలంటే బైటుకు 21 సైకిళ్ల చొప్పున సుమారు 1,29,000 సైకిళ్లు పడతాయి, అంటే దాదాపు రెండు ఫ్రేములు. స్టాక్ పాయింటర్‌ను (ప్రాసెసర్ తాత్కాలికంగా విలువలు దాచుకునే చోటును చూపే గుర్తును) తెర మీదికి తిప్పి, రెండేసి బైట్లను తీసే పాప్, పెట్టే పుష్ సూచనలతో జరిపితే బైటుకు పదిన్నర సైకిళ్లకు దిగుతుంది, అప్పటికీ ఫ్రేము మొత్తం దానికే సరి. పైగా తెర ఉన్న 16 కిలోబైట్లను యూఎల్‌ఏ చదువుతున్న సమయంలో ప్రాసెసర్ ముట్టుకుంటే, ఒక్కోసారి ఆరు సైకిళ్ల దాకా దాన్ని ఆపేస్తుంది. ఫలితంగా బొమ్మ సగం గీసి ఉండగానే తెర మీదికి వచ్చేస్తుంది, మినుకుమినుకుమంటుంది.

కాబట్టి నా కోరిక రెండో తెర. ఒకదాన్ని చూపిస్తూ ఉండగా మరొకదాన్ని నింపుకుని, పూర్తయ్యాక ఒక్క రాతతో మార్చేసే సౌకర్యం. 128కే నమూనాలో మెమరీని బ్యాంకులనే 16 కిలోబైట్ల ముక్కలుగా విభజించారు, ఐదో బ్యాంకు, ఏడో బ్యాంకు మధ్య అలా మార్చుకోవచ్చు. బొమ్మకు మూడు ఫ్రేముల కాలం పట్టినా సరే, చూసేవారికి ఎప్పుడూ పూర్తయిన బొమ్మే కనబడుతుంది. రంగు కలవడాన్ని కళ్లు త్వరగా అలవాటు చేసుకుంటాయి, మినుకుమనడాన్ని మాత్రం చేసుకోవు.

మళ్లీ అడుగుతున్నాను: రబ్బరుమీట

అందరికీ కృతజ్ఞతలు. టంకం గారి సమాధానం చదివాక నా యంత్రం వెనుక ఏదైనా తగిలించే ముందు ప్లగ్గు తీయాలన్న నియమం పెట్టుకున్నాను. శబ్దం సంగతి ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

గడిగీత గారిని, తెరచాటు గారిని ఒక సందేహం అడుగుతాను. మీ ఇద్దరి కోరికలకూ యంత్రానికి "ఇప్పుడు ఈ పద్ధతిలోకి మారు" అని చెప్పే మార్గం ఒకటి కావాలి. 254వ పోర్టుకు రాసే బైటులో కింది మూడు బిట్లు అంచు రంగుకు, తరువాతి రెండు టేపుకు, స్పీకరుకు పోతాయి, మిగిలిన మూడు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ బిట్లలో ఒకదాన్ని దీనికి వాడితే యూఎల్‌ఏకు కొత్త పోర్టు నేర్పవలసిన పని ఉండదు కదా?

సమాధానం: గడిగీత

ఖాళీ బిట్ల ఆలోచన చూడడానికి బాగుంటుంది, కాని మీరే పెట్టిన మూడో హద్దు దగ్గర ఆగిపోతుంది. పేలుడు శబ్దం లాంటిది కావాలనుకున్న ప్రోగ్రామరు తరచూ చేసే పని ఏమిటంటే, రోమ్‌లోని బైట్లను వరుసగా తీసి 254వ పోర్టుకు పంపడం. ఆ బైట్లలో పై మూడు బిట్లు ఎలా ఉన్నాయో ఎవరూ పట్టించుకోలేదు, అవి దేనికీ పనికిరావు కనుక పట్టించుకోనక్కర్లేదు కూడా. ఆ బిట్లకు ఇప్పుడు అర్థం కల్పిస్తే, పాత ఆటలో బాంబు పేలిన ప్రతిసారీ తెర పిచ్చిపట్టినట్టు పద్ధతులు మారుతుంది. చదివే వైపు ఇలాంటి చిక్కు నిజంగానే వచ్చింది. అదే పోర్టు చదివినప్పుడు ఆరో బిట్ రెండో, మూడో రకం బోర్డులలో వేరువేరుగా ఉండడం వల్ల, మొత్తం బైటును ఒక అంకెతో పోల్చిన కొన్ని ఆటలకు కొత్త బోర్డుల మీద మీటలు నొక్కినా తెలియలేదు.

అందువల్ల వేరే పోర్టు అవసరం. యూఎల్‌ఏ చిరునామాలోని ఆఖరి బిట్‌ను మాత్రమే చూస్తుంది, సరి సంఖ్య గల ప్రతి పోర్టునూ తనదే అనుకుంటుంది. బేసి సంఖ్య అయిన 255ను టైమెక్స్ యంత్రాలు ఎంచుకున్నాయి, నేనూ అదే ఎంచుకుంటాను. ఒక్క షరతు: ఆ పోర్టుకు రాయగలగాలి గాని, దాన్ని చదివితే ఇప్పుడు ఏమి వస్తోందో అదే రావాలి. స్పెక్ట్రమ్‌లో 255ను చదివితే, యూఎల్‌ఏ ఆ క్షణంలో తెర కోసం లాగుతున్న బైటు కనబడుతుంది. తెర ఎంతవరకు గీశారో తెలుసుకోవడానికి కొన్ని ఆటలు దాన్ని వాడుకున్నాయి. టైమెక్స్ యంత్రంలో అక్కడ రిజిస్టరు (రాసిన విలువను దాచుకునే చిన్న గడి) విలువ వస్తుంది, అది నాకు నచ్చని భాగం.

ఇక తెరచాటు గారి అభ్యంతరం. ప్రాసెసర్ రాయవలసిన బైట్లు రెట్టింపవుతాయన్నది సరైన లెక్క. అందుకే దాన్ని వెసులుబాటు అన్నాను, కావలసినవారే ఆ పద్ధతిలోకి వెళతారు. కదలని నేపథ్యాలకు, చదరంగం లాంటి ఆటలకు, బొమ్మలతో నడిచే సాహస కథలకు అది బంగారం. వేగంగా కదిలే ఆటలకు మీ రెండో తెరే మేలు. అయితే ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం కూడా లేదు. తెర ఇప్పుడు 16384 నుంచి మొదలవుతుంది, దాని చిరునామాల్లో 13వ బిట్ ఎప్పుడూ సున్నాయే. రంగు బైటు చదివేటప్పుడు పిక్సెల్ బైటు చిరునామానే మళ్లీ ఇచ్చి, అందులో ఆ బిట్‌ను మాత్రం 1 చేస్తే నా పద్ధతి వస్తుంది. రెండు చిరునామాలనూ ఇప్పటిలాగే ఉంచి, పిక్సెల్ బైటుకూ రంగు బైటుకూ కూడా ఆ బిట్‌ను 1 చేస్తే 24576 దగ్గర పూర్తి రెండో తెర, 30720 దగ్గర దాని రంగులు వస్తాయి, అంటే మీ పద్ధతి. యూఎల్‌ఏలో గేట్లకు చోటు ఎంత తక్కువైనా, రెండు బిట్ల రిజిస్టరు, ఆ పోర్టును గుర్తించే కొద్దిపాటి లాజిక్, చిరునామా తీగలకు ఒక చిన్న ఎంపిక, ఇంతే అవసరం. టైమెక్స్‌లో ఈ రెండు పద్ధతులూ అదే రిజిస్టరులో పక్కపక్కన ఉన్నాయి.

మెమరీ లెక్క కూడా చెప్పాలి. రెండు పద్ధతుల్లోనూ మొదటి 16 కిలోబైట్లలో కనీసం 12 కిలోబైట్లు తెరకే పోతాయి, మామూలుగా బేసిక్ ప్రోగ్రాము ఉండే చోటును కూడా తెర ఆక్రమిస్తుంది. 16 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న 16కే యంత్రం కొన్నవారికి ఇది ఆచరణలో ఉపయోగపడదు, మునుపటి పద్ధతిలోనే ఉండిపోవాలి. 48కే యంత్రంలో మాత్రం పెద్ద ఆటలన్నీ ప్రాసెసర్‌కు అడ్డు తగలని పై 32 కిలోబైట్లలోనే తమ ముఖ్యమైన కోడ్ పెట్టుకుంటాయి, కనుక ఆ నష్టాన్ని అవి తట్టుకుంటాయి. పోర్చుగల్‌లో తయారైన టైమెక్స్ కంప్యూటర్ 2048లో స్పెక్ట్రమ్ రోమ్‌తో పాటే ఈ పద్ధతులు ఉన్నాయి, స్పెక్ట్రమ్ ప్రోగ్రాములు అత్యధికం దాని మీద నడుస్తాయి. మీ దగ్గర ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాము) ఉంటే దాన్ని ఆ నమూనాకు మార్చి, బేసిక్‌లో అవుట్ 255, 1 అని రాసి చూడండి, తెర రెండో చోటికి మారుతుంది. మళ్లీ అవుట్ 255, 0 అంటే వెనక్కి వస్తుంది, కాకపోతే ఆ రెండో ఆజ్ఞను కనబడని తెర మీద టైపు చేయవలసి ఉంటుంది కనుక రెండింటినీ ఒకే ప్రోగ్రాములో, మధ్యలో పాజ్ పెట్టి రాయండి.